యూరప్‌లో రైలా, అద్దె కారా? ట్రిప్ మొత్తానికి ఒకటే జవాబు ఉండదు

పోయిన నెలలో మా మేనమామ కొడుకు హైదరాబాద్ నుంచి ఒక ఎక్సెల్ షీట్ పంపాడు. జూన్‌లో రెండు వారాలు, ఐదుగురు మనుషులు: తను, భార్య, తొమ్మిదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు, మా అత్తయ్య. రోమ్‌లో దిగడం, ఫ్లోరెన్స్, టస్కనీ పల్లెలు, వెనిస్, అక్కణ్ణుంచి స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్, చివరికి ప్యారిస్‌లో విమానం ఎక్కడం. షీట్‌లో రెండే కాలమ్‌లు ఉన్నాయి. ఒకదాంట్లో పద్నాలుగు రోజుల కారు అద్దె, ఇంకోదాంట్లో ముగ్గురు పెద్దవాళ్ళకి యూరెయిల్ పాస్ (చాలా దేశాల రైళ్ళకి పనికొచ్చే ఒకే పాస్) ధర. కారు కాలమ్ తక్కువ చూపిస్తోంది. "కారే బుక్ చేసేస్తున్నా బావా, ఒకసారి చూడు" అని కింద రాశాడు.

ఆగమని వెంటనే ఫోన్ చేశాను. కారు చెడ్డదని కాదు, ఆ రెండు కాలమ్‌లూ తప్పే కాబట్టి. కారు ఖర్చంటే అద్దె ఒక్కటే కాదు, రైలు ఖర్చంటే పాస్ ఒక్కటే కాదు. అంతకంటే ముఖ్యం, పద్నాలుగు రోజులకీ కలిపి రైలా కారా అని ఒకే నిర్ణయం తీసుకోవాల్సిన అవసరమే లేదు. నేను మ్యూనిక్‌లో ఉంటాను కాబట్టి ప్రతి వేసవిలో మా వాళ్ళలో ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, ఎవరు అడిగినా నేను మొదట చేసే పని ఒకటే: వాళ్ళ రూట్‌ని ముక్కలు చేసి, ఏ ముక్కకి ఏది పనికొస్తుందో విడివిడిగా చూడటం. మా బావమరిది రూట్‌నే తీసుకుని అది ఎలాగో చెప్తాను, ఎందుకంటే మన వాళ్ళు ఎక్కువగా వేసుకునే రూట్ కూడా దాదాపు ఇదే.

ముందు రైళ్ళ సంగతి. మనకి రైలంటే ఒకటే రైల్వే. ఐఆర్‌సీటీసీ తెరిస్తే తిరుపతికైనా, ఢిల్లీకైనా, గువాహటికైనా అక్కడే టికెట్ దొరుకుతుంది, చార్జీ కూడా చాలావరకు దూరాన్నీ క్లాసునీ బట్టే ఉంటుంది. యూరప్‌లో అలా కాదు. దేశానికో రైల్వే, కొన్నిచోట్ల ఒకే పట్టాల మీద రెండు మూడు కంపెనీల రైళ్ళు. ఇటలీలో ట్రెనిటాలియా వాళ్ళ ఫ్రెచ్చారోసా రైళ్ళు ఉన్నాయి, వాటికి పోటీగా 2012 నుంచి ఇటాలో రైళ్ళు తిరుగుతున్నాయి. మాడ్రిడ్–బార్సిలోనా మధ్య కూడా ఇలాగే స్పెయిన్ రైల్వే రెన్ఫేతో పాటు ఇంకో రెండు కంపెనీలు పోటీ పడుతున్నాయి, అది దాదాపు 620 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి చెన్నై వెళ్ళేంత దూరం, రెండున్నర గంటల్లో పోతారు. ఈ హైస్పీడ్ రైళ్ళ టికెట్ ధర విమానం టికెట్‌లాగే రోజురోజుకీ పెరుగుతుంది. రోమ్ నుంచి ఫ్లోరెన్స్ ఇంచుమించు హైదరాబాద్–విజయవాడ దూరమే, గంటన్నరలో దింపేస్తుంది, రెండు నెలల ముందు కొంటే ఇరవై పాతిక యూరోలకి దొరికే సీటు ఆ పూట స్టేషన్‌కి వెళ్ళి కొంటే యాభై దాటొచ్చు. వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ అనేవి ఉండవు. సీటుంటే ఉంది, లేకపోతే తర్వాతి రైలు.

దీనికి పూర్తిగా వేరే రకం రీజినల్ రైళ్ళు. ఊరూరా ఆగుతూ పోతాయి, సీటు నంబర్లు ఉండవు, ఆరు నెలల ముందు కొన్నా అప్పటికప్పుడు కొన్నా అదే ధర. ఈ తేడా ఒక్కటి తెలిస్తే సగం గందరగోళం పోతుంది: హైస్పీడ్ అయితే తొందరపడి కొనాలి, రీజినల్ అయితే తొందర అక్కర్లేదు.

మరి యూరెయిల్ పాస్ ఎందుకు? యూరప్ బయట ఉండేవాళ్ళ కోసం 1959 నుంచి ఉన్న పాస్ అది, ఇప్పుడు 33 దేశాల్లో చెల్లుతుంది. పాస్ ఉంటే చాలు, ఏ రైలైనా ఎక్కేయొచ్చు అనుకుంటారు మన వాళ్ళు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో చాలావరకు నిజమే, ఇష్టమొచ్చిన రైలు ఎక్కి కూర్చోవచ్చు. కానీ ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్‌లలో హైస్పీడ్ రైలెక్కాలంటే పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ విడిగా కొనాలి. ఇటలీలో ఒక్కో సీటుకీ పది పదిహేను యూరోలు, లండన్–ప్యారిస్ నడిచే యూరోస్టార్‌లో అయితే ముప్పై యూరోల వరకూ, ఆ పైనా. ప్యారిస్ వైపు వెళ్ళే రైళ్ళలో పాస్ వాళ్ళకి కేటాయించే సీట్లు కూడా లెక్కే, వేసవిలో అవి ముందే అయిపోతాయి. ఇటాలో రైళ్ళలో పాస్ అసలు చెల్లదు. పాస్‌లో నిజంగా కలిసొచ్చేది పిల్లల విషయం: పన్నెండేళ్ళ లోపు పిల్లలకి, ఒక్కో పెద్దవాళ్ళతో ఇద్దరి చొప్పున, పాస్ ఉచితం. అయినా ఐదారు ఊళ్ళు, ముందే తేదీలు ఖాయమైన ట్రిప్ అంటే విడివిడి టికెట్లే చౌక, దాదాపు ఎప్పుడూ. ఈ రోజు మ్యూనిక్, రేపు వాన పడితే సాల్జ్‌బర్గ్, బుద్ధి పుడితే వియన్నా అని తిరిగేవాళ్ళకి పాస్.

ఇక కారు. రైలుకీ కారుకీ అసలు తేడా ఎక్కడుందంటే, రైలు ఖర్చు మనుషుల లెక్కన పెరుగుతుంది, కారు ఖర్చు రోజుల లెక్కన పెరుగుతుంది. ఒక్కరు వెళ్తుంటే కారు గురించి ఆలోచించడమే అనవసరం. ఇద్దరైతే పెద్ద ఊళ్ళ మధ్య రైలే. నలుగురైదుగురు అయ్యేసరికి లెక్క నిజంగా మారుతుంది, మా బావమరిదికి కారు చౌకగా కనిపించింది అందుకే, అందులో ఆశ్చర్యం లేదు. కానీ ఊళ్ళో హోటల్ ముందు నిలబెట్టిన రోజులకి కూడా కారు అద్దె కడుతూనే ఉంటాం. అతని పద్నాలుగు రోజుల్లో రోమ్‌లో మూడు, ఫ్లోరెన్స్‌లో రెండు, వెనిస్‌లో ఒకటి, ప్యారిస్‌లో మూడు. ఈ తొమ్మిది రోజులూ కారు కదలదు, కదిలితే ఇబ్బంది, ఆగితే పార్కింగ్ ఖర్చు.

పైగా ఆ షీట్‌లో లేనివి చాలా ఉన్నాయి. కారు ఇటలీలో తీసుకుని ఫ్రాన్స్‌లో అప్పగిస్తానంటే దేశం మార్చినందుకు వన్‌వే ఫీజు వేస్తారు, అది వందల యూరోల్లో ఉంటుంది, ఒక్కోసారి అద్దెని మించిపోతుంది. ఇటలీ, ఫ్రాన్స్ హైవేల మీద దూరాన్ని బట్టి టోల్, రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కే ఇరవై యూరోలకి అటూ ఇటూగా అవుతుంది. స్విట్జర్లాండ్‌లో టోల్ గేట్లు ఉండవు గానీ హైవే ఎక్కాలంటే విన్యెట్ అనే స్టిక్కర్ కొనాలి, ఒక్క రోజు తిరిగినా ఏడాదిదే తీసుకోవాలి, 40 ఫ్రాంకులు. ఆస్ట్రియాలో అయితే పది రోజులకి ఇస్తారు, జర్మనీలో కార్లకి టోలే లేదు. యూరప్‌లో అద్దె కార్లు ఎక్కువగా గేర్ల బండ్లే. మన దగ్గర గేర్ల బండి నడిపిన చేతులే అయినా అక్కడ స్టీరింగ్ ఎడమవైపు, గేర్ కుడిచేత్తో వేయాలి, రోడ్డుకి కుడివైపున పోవాలి, అందుకని ఆటోమేటిక్ కావాలంటారు, దానికి ధర ఎక్కువ. పిల్లలకి సీట్లు తప్పనిసరి, ఇటలీలో ఎత్తు 150 సెంటీమీటర్ల లోపు ఉన్నంతకాలం పెట్టాల్సిందే, వాటికీ రోజువారీ అద్దె. ఐదుగురు ఎక్కాక చిన్న కారు డిక్కీలో రెండు పెద్ద సూట్‌కేసులకి మించి పట్టవు, కాబట్టి పెద్ద కారు. ఇవన్నీ వేసి చూడమన్నాను. మర్నాటికి కారు కాలమ్ రెట్టింపు దాటిపోయింది.

డబ్బు కంటే నేను ఎక్కువ భయపెట్టింది ఇంకో విషయంలో. అది నాకు జరిగింది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

2022లో అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇటలీలో మూడు రోజులకి కారు తీసుకున్నాం. ఒక సాయంత్రం చిన్న కొండ మీద ఊరికి చేరాం, చుట్టూ పాత రాతి గోడ, లోపల మా హోటల్. ఫోన్ మ్యాప్ ఎడమకి తిప్పమంది, తిప్పాను. గోడలో ద్వారం లాంటిది, పక్కన తెల్లటి గుండ్రటి బోర్డు, చుట్టూ ఎర్ర అంచు, కింద చిన్న అక్షరాల్లో ఏవో వేళలు. పైన వెలుగుతున్న బోర్డు మీద "వార్కో అత్తివో" అని ఉంది. అత్తివో అంటే యాక్టివ్ కదా, దారి తెరిచి ఉందన్నమాట అనుకున్నాను. ముందు ఒక స్కూటర్ పోయింది, వెనక నేను పోయాను. లోపల సందులు ఎంత ఇరుకంటే నాన్న అద్దం దించి చేత్తో సైడ్ మిర్రర్ లోపలికి మడిచారు. హోటల్ దొరక్క బయటికొచ్చి, చుట్టూ తిరిగి, మళ్ళీ అదే ద్వారంలోంచి లోపలికి వెళ్ళాం.

వార్కో అత్తివో అంటే గేటు పనిచేస్తోందని, అంటే కెమెరా ఫొటోలు తీస్తోందని. ఆ ఊరి వాళ్ళకీ, అనుమతి ఉన్న బండ్లకీ తప్ప ఎవరికీ ప్రవేశం లేదని దాని అర్థం. లోపలికి వెళ్ళొచ్చని చెప్పేది "నాన్ అత్తివో". దీన్నే జెడ్‌టీఎల్ అంటారు, బండ్ల రాకపోకలు పరిమితం చేసిన ప్రాంతం. ఫ్లోరెన్స్, రోమ్, పీసా, సియెనా, బొలోన్యా, ఇటలీలో పాత ఊరున్న చాలాచోట్ల ఇది ఉంటుంది. రెండుసార్లు వెళ్ళాం కాబట్టి రెండు చలానాలు. ముందు మూడు నెలలకి అద్దె కంపెనీ నా కార్డు నుంచి డబ్బు లాక్కుంది, అది చలానా కాదు, మన పేరూ అడ్రసూ పోలీసులకి ఇచ్చినందుకు వాళ్ళు వేసుకునే ఫీజు. అసలు చలానాలు తర్వాత రిజిస్టర్డ్ పోస్టులో వచ్చాయి. విదేశాల్లో ఉండేవాళ్ళకి నోటీసు పంపడానికి చట్టం 360 రోజుల గడువిస్తుంది, కాబట్టి ట్రిప్ సంగతే మర్చిపోయాక వస్తుంది. అందిన ఐదు రోజుల్లోపు కడితే 30 శాతం తగ్గుతుంది. హోటల్ ఆ ప్రాంతం లోపల ఉంటే వాళ్ళే మన బండి నంబర్‌ని మున్సిపాలిటీకి ఇచ్చి అనుమతి తీసుకోగలరు, కానీ ముందే అడగాలి. నేను అడగలేదు. నాన్న ఆ కాగితాలు చూసి ఆ రోజంతా ఏమీ మాట్లాడలేదు, తన కోసం పెట్టిన ట్రిప్‌లో అంత డబ్బు పోయిందని ఆయన బాధ. ఇంకే తెలుగు ఇంట్లోనూ ఆ కాగితం రాకూడదని నా కోరిక.

ఇప్పుడు రూట్‌ని ముక్కలు చేద్దాం.

రోమ్‌లో కారు వద్దు, రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కి రైలు. కారులో మూడు గంటల పైన పడుతుంది, చివర జెడ్‌టీఎల్ టెన్షన్. రైలు సాంటా మరియా నోవెల్లా స్టేషన్‌లో దింపుతుంది, అక్కణ్ణుంచి డ్యుయోమో, అంటే ఊరి పెద్ద చర్చి, పది నిమిషాల నడక. ఫ్లోరెన్స్‌లో ఉన్నన్నాళ్ళూ నడకే.

తర్వాతి రెండు రోజులు టస్కనీ పల్లెలు, ఇక్కడ మాత్రం నేనే కారు తీసుకోమన్నాను. శాన్ జిమిన్యానోకి రైలు స్టేషనే లేదు, పోజ్జిబోన్సీలో దిగి బస్సు పట్టుకోవాలి. పియెంజా, మోంటల్చీనో, మోంటెపుల్చానో ఒకదానికొకటి దగ్గరే, కానీ ఒకదాన్నుంచి ఇంకోదానికి బస్సులో వెళ్ళాలంటే రోజు మొత్తం ఆ బస్సు వేళల చుట్టూ తిరుగుతుంది. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యతో, ఇద్దరు పిల్లలతో అది అయ్యే పని కాదు. కారుంటే సైప్రెస్ చెట్ల వరస కనిపించినచోట ఆపుకోవచ్చు, పల్లెలో ఒక ఇల్లు తీసుకుంటే వంటగది ఉంటుంది, రైస్ కుక్కర్ పెట్టుకుని పిల్లలకి పెరుగన్నం కలపొచ్చు. 400 కిలోమీటర్లు తిరిగారనుకుందాం, వందకి ఏడు లీటర్లు తాగే బండైతే 28 లీటర్లు, లీటరు 1.80 యూరోలు అనుకున్నా యాభై యూరోలే, ఐదుగురికి అంత చౌకగా ఇంకేదీ రాదు. కారు ఫ్లోరెన్స్ ఊరి మధ్యలో ఉన్న ఆఫీసులో తీసుకోవద్దు. ట్రామ్ ఎక్కి ఎయిర్‌పోర్టుకి వెళ్ళి అక్కడ తీసుకుని, అక్కడే తిరిగి ఇచ్చేస్తే ఊళ్ళోకి పోనక్కర్లేదు, వన్‌వే ఫీజూ ఉండదు. పల్లెల్లో కూడా గోడ బయటే పార్కింగ్ ఉంటుంది, తెల్ల గీతలుంటే సాధారణంగా ఉచితం, నీలం గీతలుంటే డబ్బు కట్టాలి, పసుపు గీతలు మనకి కాదు.

పల్లె అంటే కారే అని కూడా అనుకోకండి. చింక్వె తెర్రె ఐదు ఊళ్ళూ సముద్రం పక్కన కొండకి అతుక్కుని ఉంటాయి, ఐదింటినీ కలుపుతూ రైలు పోతుంది, వేసవిలో గంటకి రెండు మూడు ఉంటాయి. అక్కడికి కారు తీసుకెళ్తే పార్కింగ్ వెతుకులాటకే పూట గడిచిపోతుంది.

ఫ్లోరెన్స్ నుంచి వెనిస్‌కి మళ్ళీ రైలు, రెండు గంటల పైచిలుకు. వెనిస్‌లో కార్లు ఊరి అంచున పియజ్జాలే రోమా దగ్గర ఆగిపోతాయి, ఆ పైన రోడ్డే లేదు. రైలైతే సాంటా లూచియా స్టేషన్ మెట్లు దిగుతూనే ఎదురుగా గ్రాండ్ కెనాల్. వెనిస్ మెస్త్రే అని ముందొకటి వస్తుంది, హడావిడిలో అక్కడ దిగిపోకూడదు.

వెనిస్ నుంచి ఇంటర్‌లాకెన్ కొంచెం పొడుగు ప్రయాణం, మిలాన్‌లో ఒకసారి, స్పీట్స్‌లో ఒకసారి మారాలి, ఆరు ఆరున్నర గంటలు. కారులోనూ అంతే పడుతుంది, పైగా వేసవి వారాంతాల్లో గొట్టార్డ్ సొరంగం ముందు కిలోమీటర్ల కొద్దీ బండ్లు ఆగి ఉంటాయి. స్విట్జర్లాండ్‌లో రైలు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడి ఏర్పాటు అర్థమైతే కారు ఆలోచనే రాదు. 1982 నుంచి దేశం మొత్తం ఒకే పద్ధతిలో టైమ్‌టేబుల్ నడుపుతున్నారు: ప్రతి గంటకీ అదే నిమిషానికి రైలు, పెద్ద స్టేషన్లలో అన్ని వైపుల నుంచీ రైళ్ళు ఇంచుమించు ఒకేసారి వచ్చి, మారడానికి కొన్ని నిమిషాలిచ్చి, మళ్ళీ ఒకేసారి బయల్దేరతాయి, కొండ మీద ఊళ్ళకి పోయే పసుపుపచ్చ పోస్ట్ బస్సు కూడా రైలు వచ్చే వేళకే స్టేషన్ బయట ఉంటుంది. ఆరు నిమిషాల్లో రైలు మారాలంటే మనకి గుండె దడ, వాళ్ళకి అది మామూలే, చాలాసార్లు ఎదుటి ప్లాట్‌ఫామ్ మీదే నిలబడి ఉంటుంది. వెంగెన్, మ్యూరెన్, జెర్మాట్ లాంటి ఊళ్ళలోకి మామూలు కార్లని రానివ్వరు, కారులో వెళ్ళినా కింద పార్క్ చేసి రైలో రోప్‌వేనో ఎక్కాలి. 3,454 మీటర్ల ఎత్తున యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ స్టేషన్‌కి కూడా 1912 నుంచి రైలే.

ఇక్కడ ఖర్చు ఎక్కువే, దాచేదేం లేదు. కానీ హాఫ్ ఫేర్ కార్డ్ తీసుకుంటే రైళ్ళలో, బస్సుల్లో, చాలా కొండ రైళ్ళలో సగం ధర. స్విస్ ట్రావెల్ పాస్ అయితే రోజంతా తిరగడానికి బాగుంటుంది గానీ యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ రైలు చివరి భాగం టికెట్ మీద పాతిక శాతమే తగ్గిస్తుంది. రోజూ కొండలెక్కే ప్లాన్ ఉన్నవాళ్ళకి హాఫ్ ఫేర్, ఊళ్ళు తిరిగేవాళ్ళకి పాస్ అని నేను చెప్తుంటాను. పాస్‌తో ఉచితంగా ఇచ్చే ఫ్యామిలీ కార్డుతో 16 ఏళ్ళ లోపు పిల్లలు తల్లిదండ్రులతో టికెట్ లేకుండా ప్రయాణం చేయొచ్చు, అడిగి తీసుకోవాలి.

ఇంటర్‌లాకెన్ నుంచి ప్యారిస్‌కి బాజిల్‌లో మారి ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు టీజీవీ ఎక్కితే, అక్కణ్ణుంచి మూడు గంటల్లో ప్యారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్. ప్యారిస్‌లో కారు గురించి రెండు ముక్కలు చాలు: 2021 నుంచి ఊళ్ళో చాలా రోడ్ల మీద వేగం గంటకి 30 కిలోమీటర్లే, 2024 అక్టోబర్ నుంచి బయటి నుంచి వచ్చిన బరువైన పెద్ద కార్లకి నడిబొడ్డున పార్కింగ్ గంటకి 18 యూరోలు. మన సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ లాగే ప్యారిస్‌లోనూ ఒక్కో దిక్కుకి ఒక్కో స్టేషన్ ఉంటుంది. లండన్, ఆమ్‌స్టర్‌డామ్ వైపు రైళ్ళు గార్ దు నోర్ నుంచి, ఆగ్నేయం వైపువి గార్ ద లియోన్ నుంచి. టికెట్ మీద స్టేషన్ పేరు చదవకుండా ప్యారిస్ అని మాత్రమే చూస్తే రైలు తప్పిపోతుంది.

ఇది వాళ్ళ రూట్ కాబట్టి పన్నెండు రోజులు రైలు, రెండు రోజులు కారు అయింది. వేరే రూట్‌కి తల్లకిందులు కావచ్చు. ఐస్‌లాండ్‌లో ప్రయాణికుల రైళ్ళే లేవు, కారు లేనిదే ఆ దేశం చూడలేం. క్రొయేషియాలో డుబ్రోవ్నిక్‌కి రైలు లేదు. స్ప్లిట్ నుంచి తీరం వెంట కారులో పోవచ్చు, 2022లో పెల్యెషాట్స్ వంతెన వచ్చాక దారిలో బోస్నియా సరిహద్దు దాటాల్సిన పని కూడా లేదు. స్కాట్లాండ్ కొండ ప్రాంతాలు, ఐర్లాండ్ పడమటి తీరం కారు దేశాలే. అక్కడ మన లాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి మన డ్రైవర్లకి చాలా తేలిక, అయితే వాటికి షెన్‌గెన్ వీసా చెల్లదు, వేరే వీసా కావాలి. ఫ్రాన్స్‌లో పెద్ద రైలు మార్గాలు చాలావరకు ప్యారిస్ నుంచి చక్రం ఆకుల్లా బయటికి పోతాయి, ప్యారిస్‌కి పోయి రావడానికి అద్భుతం, అడ్డంగా పోవాలంటే, ఉదాహరణకి బోర్డో నుంచి లియోన్‌కి, మళ్ళీ ప్యారిస్ చుట్టూ తిరిగి రావాలి. ప్రొవాన్స్‌లో లావెండర్ పొలాలు చూడాలన్నా కారే. ఇక మ్యూనిక్ ఉన్న మా బవేరియా రాష్ట్రంలో ఒక రోజు టికెట్ ఉంటుంది, బయెర్న్ టికెట్ అని, ఐదుగురి దాకా ఒకే టికెట్ మీద రీజినల్ రైళ్ళలో రోజంతా తిరగొచ్చు, సరిహద్దు దాటి సాల్జ్‌బర్గ్ దాకా చెల్లుతుంది. మామూలు రోజుల్లో పొద్దున 9 తర్వాతే మొదలవుతుంది. మనుషులు పెరిగితే కారే చౌక అన్న లెక్కని ఈ ఒక్క టికెట్ తిరగేస్తుంది.

కారు తీసుకునేవాళ్ళు ఇంటి దగ్గరే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మన ఆర్టీఏ ఆఫీసులో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఏడాది చెల్లుతుంది, దానితో పాటు అసలు లైసెన్స్ కార్డు కూడా జేబులో ఉండాలి. బండి నడిపే మనిషి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి, డెబిట్ కార్డు చాలాచోట్ల తీసుకోరు. డిపాజిట్ కింద వెయ్యి, రెండు వేల యూరోలు కూడా బ్లాక్ చేస్తారు, లిమిట్ చూసుకోకపోతే కౌంటర్ దగ్గర ఆగిపోతాం. బీమా అద్దెలో ఉంటుంది గానీ బండికి గీత పడితే మొదటి కొంత మొత్తం మన మీదే, టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం చాలాసార్లు బీమాలోకి రావు. తాళం చేతికొచ్చాక బండి చుట్టూ ఒక వీడియో తీసుకోండి, ఇచ్చేటప్పుడు ఇంకొకటి.

జర్మనీలో చదువుకుంటున్న పిల్లల తల్లిదండ్రులకి ఒక మాట. "మావాడు అక్కడే ఉన్నాడుగా, వాడే నడుపుతాడు" అనుకుంటారు. జర్మనీలో నివాసం మొదలైన ఆరు నెలల తర్వాత మన ఇండియా లైసెన్స్ అక్కడ చెల్లదు, జర్మన్ లైసెన్స్ తెచ్చుకోవాల్సిందే. లేకుండా నడపడం నేరం, పొరపాటున ఏదైనా తగిలితే బీమా దగ్గర కూడా ఇరుక్కుంటారు. ఆ పిల్లల్ని మొహమాటపెట్టకండి.

పెట్రోల్ బంకులో పేర్లు మోసం చేస్తాయి. ఇటలీలో "గాసోలియో" అని ఉంటే గ్యాసొలిన్ కదా అనుకుంటాం, అమెరికాలో ఉండి వచ్చిన మన వాళ్ళు మరీను. గాసోలియో అంటే డీజిల్, పెట్రోల్‌ని బెంజినా అంటారు. 2018 నుంచి యూరప్‌లో గొట్టాల మీద గుర్తులు పెట్టారు, వాటిని చూస్తే భాష రాకపోయినా పర్వాలేదు: గుండ్రంలో ఈ5, ఈ10 అని ఉంటే పెట్రోల్, చతురస్రంలో బీ7 అని ఉంటే డీజిల్. బండి ట్యాంకు మూత లోపల కూడా అదే గుర్తు ఉంటుంది, రెండూ కలిస్తేనే కొట్టండి.

రైలు వాళ్ళకి సామానే అసలు సమస్య. కూలీలు దొరకరు. మెట్లున్న బోగీ ముందు నిలబడి 23 కిలోల సూట్‌కేసుని మనమే ఎత్తాలి, వెనక జనం ఉంటారు, రైలు రెండు మూడు నిమిషాలే ఆగుతుంది. మనిషికి ఒక చిన్న పెట్టె, ఎవరిది వాళ్ళు ఎత్తగలిగేది, అంతే పెట్టుకోండి. పెద్దవాళ్ళుంటే రైలు మారే చోట కనీసం అరగంట వ్యవధి ఉండేలా చూడండి, ముఖ్యంగా జర్మనీలో. అక్కడ 2024లో దూరప్రయాణ రైళ్ళలో 62.5 శాతమే వేళకి చేరాయి, ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని కూడా వేళకే అని లెక్కేస్తేనే అంత. వీలైతే మొత్తం దూరానికి ఒకే టికెట్ కొనండి, విడివిడిగా కొంటే మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పితే ఆ నష్టం మనదే కావచ్చు. యూరోపియన్ యూనియన్ నియమాల ప్రకారం గంట దాటి ఆలస్యమైతే టికెట్‌లో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం తిరిగి అడగొచ్చు. ఊళ్ళ పేర్లు అక్కడి భాషలో ఉంటాయి: ఫ్లోరెన్స్ ఫిరెంజె, వెనిస్ వెనెజియా, వియన్నా వీన్. జెనోవా అంటే ఇటలీలో రేవు పట్టణం, జెనీవా అనుకుని కొంటే వేరే దేశంలో దిగుతాం. ఇటలీ రీజినల్ రైలుకి కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫామ్ దగ్గరున్న చిన్న మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్ చేతిలో ఉన్నా టీసీ ఫైన్ వేస్తాడు.

మా బావమరిది ఇప్పుడు బుకింగ్‌లు మొదలుపెట్టాడు. ముందు ధర పెరిగేవి: రోమ్–ఫ్లోరెన్స్, ఫ్లోరెన్స్–వెనిస్, వెనిస్ నుంచి మిలాన్ మీదుగా స్పీట్స్, బాజిల్–ప్యారిస్. తర్వాత ఫ్లోరెన్స్ ఎయిర్‌పోర్టులో రెండు రోజుల కారు, ఉచితంగా రద్దు చేసుకునేది, అత్తయ్య ముందు సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చోగలిగేంత పెద్దది. ఆ పల్లె ఇంటివాళ్ళకి గోడ లోపలా బయటా, బండి ఎక్కడ పెట్టాలి అని మెయిల్ రాశాడు, బయట ఆలివ్ తోట పక్కన పెట్టుకోమని జవాబొచ్చింది. స్పీట్స్ నుంచి ఇంటర్‌లాకెన్ టికెట్ ఆ రోజే కొనుక్కోవచ్చు, ఇరవై నిమిషాల ప్రయాణం.